‘డియర్ సర్’ అని వచ్చిన జవాబు

పోయిన మంగళవారం ఆఫీసులో టైపు చేసుకుంటూ ఉండగా, క్లినిక్ మందుల కౌంటర్లో పనిచేసే హైదరాబాద్ భాయి ఫోన్ చేశాడు.

“అమ్మా, సిస్టర్ పోయిన్రు. పొద్దుగాల్నే. సారుకు చెప్పినం. మీకు గూడ చెప్పాలనిపించింది.”

ముందు సారుకే, అంటే ఆమె భర్తకే చెప్పారు. చెప్పడం పద్ధతే. కానీ ఆమెకు చేరవలసిన ప్రతి కబురూ ముందు ఆయనకే చేరడం ఇన్నేళ్లుగా చూస్తున్నదాన్ని కనుక, ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

క్లినిక్‌లో అందరికీ సిస్టర్, నాకు అక్క. నేను కొత్తగా కాపురానికి షార్జా వచ్చినప్పుడు మా ఎదుటి ఫ్లాట్‌లో ఉండేది. గుంటూరు మనిషి. పెళ్లికి ముందు చాలాకాలం ఇంగ్లండు ఆస్పత్రుల్లో నర్సుగా చేసి, ఆ జీతంతో బర్మింగ్‌హామ్‌లో చిన్న ఇల్లు కొనుక్కుంది. తరువాత పెళ్లయింది. ఆయనకు ఇక్కడ ఒక కాంట్రాక్టు కంపెనీలో మంచి ఉద్యోగం దొరకడంతో, ఇల్లు అద్దెకిచ్చి ఆయన వెంట వచ్చేసింది. ఇక్కడా క్లినిక్‌లో చేరింది. బిల్డింగులో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ఆమె తలుపే తట్టేవాళ్లం. సూది వేయించుకుంటూ మొహమాటానికి నవ్వేవాళ్లంటే ఆమెకు చిరాకు. “నొప్పిగా ఉంటే నొప్పని చెప్పు. నవ్వితే నాకెట్టా తెలుస్తుంది?” అని కసిరేది.

ఒక ఏడు గాలివానకు ఆ బర్మింగ్‌హామ్ ఇంటి పైకప్పు దెబ్బతింది. బాగు చేయించడానికి చాలానే అయింది. అద్దె వసూలు చేసే ఏజెంటు మాత్రం రివాజు ప్రకారం మొత్తం అద్దె మీద పన్ను మినహాయించి, మిగిలినది పంపాడు. మరమ్మతు ఖర్చు చూపిస్తే కట్టిన పన్నులో కొంత వెనక్కి వస్తుంది. అడగడం తేలికే. అయితే అడగవలసింది అక్క కాదు. పెళ్లయిన స్త్రీ ఆదాయం భర్త ఆదాయమే తప్ప ఆమెది కాదని ఆ దేశపు చట్టం. కాగితం మీద ఆయన సంతకం పెట్టాలి.

ఆయన పెట్టలేదు. చెడ్డవాడని పేరున్న మనిషి కాదు. గట్టిగా మాట్లాడగా కూడా నేను వినలేదు.

“ఆ పాతకొంప అమ్మేద్దాం. ఇక్కడ లారీలు కొని తిప్పితే బంగారం,” అనేవాడు.

“సంతకం పెడితే అయిపోయేదానికి లారీల గొడవెందుకండీ?” అనేది అక్క.

“లారీల సంగతి తేల్చు. సంతకం సంగతి అప్పుడు చూద్దాం.”

చివరికి అక్క నా దగ్గరికి వచ్చింది. “అమ్మాయ్, ఒక ఉత్తరం టైపు చేసి పెట్టు. పన్నుల ఆఫీసుకి నేనే రాస్తాను,” అంది. ఇక్కడ ఇంటికి టపా రాదు కదా. ఆమె పేర ఏది వచ్చినా ఆయన కంపెనీ పెట్టెకే వచ్చేది. అందుకని మా ముదీర్‌ని, అంటే మేనేజర్ని అడిగి, జవాబుకు మా ఆఫీసు పెట్టె నంబరు ఇచ్చాను. ఆమె నా పక్కన నిలబడి చెబుతుంటే టైపు చేశాను. ‘ఈ ఇల్లు నేను పెళ్లికి ముందు, నా సంపాదనతో కొన్నది’ అన్న వాక్యం రెండుసార్లు చదివించుకుంది. కింద పూర్తి పేరు రాసి సంతకం చేసింది.

ఎన్ని వారాలు చూసినా మా పెట్టెలో ఏమీ రాలేదు. ఒక సాయంత్రం ఆయన నవ్వుతూ మమ్మల్ని టీకి పిలిచాడు. చేతిలో కవరు ఉంది.

“వినమ్మా, నీ టైపు చాలా బాగుందిగానీ, దొర మాత్రం నాకే రాశాడు,” అంటూ పైకి చదివాడు. “‘డియర్ సర్, మీ భార్య రాసిన ఉత్తరం అందింది.’”

ఆ తరువాత ఉన్నది మాకు తెలిసిందే. భార్య ఆదాయం కూడా మీ ఆదాయం కిందికే వస్తుంది కనుక, తమరే సంతకం చేసి పంపగలరు అని. మర్యాదగా, చక్కటి కాగితం మీద రాశారు. మావారు కూడా కొంచెం నవ్వారు. ఆ నవ్వును నేనింకా క్షమించలేదు.

అక్క కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను.

“ఇక్కడ వీసాకి ఈయనే కఫీల్, ఈయన పూచీ మీదే నేనుండేది,” అంది కుళాయి తిప్పుతూ. “అక్కడ నేను ఎవరి కిందా లేననుకున్నాను. అక్కడా ఈయనేనంట.”

ఇల్లు అమ్మేశారు. పన్ను అడగడానికి ఆమె సంతకం చెల్లలేదు కానీ, అమ్మకం కాగితాల మీద మాత్రం ఆమె సంతకమే కావలసి వచ్చింది. పెట్టింది. లారీలు వచ్చాయి, బాగానే తిరిగాయి. వ్యాపారం దివాలా తీసి ఉంటే ఆమెకు కనీసం ఒక మాట అనే వీలైనా ఉండేది. “నా ఇల్లు అమ్మి పెట్టిన వ్యాపారమండీ ఇది,” అని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అక్క టీ ఇచ్చి లోపలికి వెళ్లేది.

కొన్నాళ్లకు, భార్య రాసిన ఉత్తరానికి ఆ పన్నుల ఆఫీసువాళ్లు భార్యకే జవాబివ్వడం మొదలుపెట్టారని విన్నాం. చట్టం మాత్రం అలాగే ఉంది. నిరుడు, అంటే 1988లో, వాళ్ల బడ్జెట్లో అదీ మారుస్తున్నామన్నారు. వచ్చే ఏప్రిల్ నుంచి భార్య ఆదాయం భార్యదేనట. పేపరు పట్టుకుని పరుగున వెళ్లాను. అప్పటికే ఆమెకు జబ్బు ముదిరింది. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, పేపరు మడిచి నా చేతిలో పెట్టింది.

“మంచిదేలే. ఇప్పుడు వాళ్లకు చూపించడానికి నా దగ్గర ఏముందే? ఖలాస్.”

ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు, నేను అడగకుండానే, ఇంటి తాళం చేతికొచ్చిన రోజు గురించి చెప్పింది. చలికాలమట. లోపల ఒక్క సామానూ లేదు. వేసుకున్న కోటు విప్పకుండా ముందుగదిలో నేల మీద కూర్చుని, సంచిలో తెచ్చుకున్న రొట్టె తింటోందట. తెరలు లేని కిటికీలోంచి పలచటి ఎండ పడుతోంది. ఇంతలో ఎవరో తలుపు తట్టారు. తీస్తే పాలవాడు. ఆమెను, ఆమె వెనకున్న ఖాళీ గదిని చూసి, ఇంటి యజమాని ఉన్నారా అని అడిగాడట.

“నోట్లో రొట్టె ఉందే అమ్మాయ్,” అంది అక్క. “మింగి చెబుదామన్నా ఆగలేకపోయాను. నేనే, అన్నాను.”