మామ నమిలిన పరంజా

టీ కప్పులు కింద పెట్టి వినండి, లేకపోతే మీద ఒలకబోసుకుంటారు. మొన్న బుధవారం మా సొంత మేనమామకి నేనేం తినిపించినానో తెలుసా? మా ల్యాబ్ శాంపిల్! నవ్వకండే, ఇంకా మొదలే పెట్టలేదు.

నేను నెల్లూరులో రీసెర్చ్ అసిస్టెంట్‌నని మీ అందరికీ తెలుసు. అక్కడ ఏం చేస్తానో మాత్రం ఎవరూ అడగరు, అడిగినా నేను చెప్పేటప్పుడు ఫోన్ చూసుకుంటారు. ఈ ఒక్కసారికి చూసుకోకండి. మన ఒంట్లో కండని ఎముకకి కట్టిపెట్టే తాడు ఉంటుంది, స్నాయువు అని. నరం తెగింది, నరం తెగింది అంటామే, చాలాసార్లు తెగేది అదే. తెగితే అంత తొందరగా అతుక్కోదు. అందుకని మేం మేక కాల్లోంచి స్నాయువు తీసి, సబ్బు ద్రావణంలో రోజుల తరబడి కడిగి కడిగి, అందులో మేక కణం అన్నది లేకుండా చేస్తాం. ఉత్త చట్రం మిగుల్తుంది, తెల్లగా, పట్టీల్లాగా. దాన్నే స్కాఫోల్డ్ అంటాం. ఇల్లు కట్టేప్పుడు మేస్త్రీలు పరంజా కడతారు చూడండి, అట్టాంటిదన్నమాట. తెగినచోట దాన్ని పెట్టి కుడితే, మనిషి కణాలు దాన్ని పట్టుకుని పాకి కొత్త స్నాయువు కట్టుకుంటాయని మా ఆశ. ఇంకా మనుషులదాకా రాలేదులెండి. రాలేదనే అనుకున్నా, బుధవారం దాకా.

ఇక మా పెంచలయ్య మామ. అమ్మకి తమ్ముడు. విడవలూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. వానకి గట్టు మీద జారి, మడమ వెనకాల స్నాయువు పుటుక్కుమని తెంచుకున్నాడు. ఆపరేషన్ అయింది, కాలికి కట్టు, మకాం తోటపల్లి గూడూరులో మా ఇంట్లో. ఆయన వచ్చినప్పట్నించీ మా అమ్మకి ఒకటే యావ, మేకకాళ్ల సూప్! డాక్టరు రాసిచ్చిన మాత్ర మర్చిపోయినా పర్లేదంట, సూప్ మాత్రం తప్పకూడదంట. సాయంత్రం కాచి, స్టీలు డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెడుతుంది, పొద్దున పైన పేరుకున్న కొవ్వు తీసేసి వెచ్చజేసి ఇస్తుంది. కొవ్వు తినొద్దన్నారు మరి. కాళ్లు తెచ్చేది నేనే. ల్యాబ్‌కీ ఇంటికీ ఒకటే మటన్ కొట్టు. వెనక కాళ్లు సైన్సుకి, ముందు కాళ్లు మామకి.

మంగళవారం సాయంత్రం మా ల్యాబ్ ఫ్రిజ్ చచ్చింది. తెల్లారితే చెన్నై నుంచి పెద్ద సర్జన్ వస్తున్నాడు, మా స్కాఫోల్డ్ చూడటానికి! ల్యాబ్ నడిపే మా సార్‌కి ఫోన్ చేస్తే ఏదో ఒక దారి చెప్పేవాడు. నాకెందుకూ, నాకు తెలివెక్కువ కదా! కడగటం పూర్తయి సెలైన్‌లో ఉన్న శాంపిల్స్‌ని ఐస్‌లో పెట్టుకుని ఇంటికి పట్టుకొచ్చేసినా. దారిలో స్పీడ్ బ్రేకర్ దగ్గర స్కూటీ ఎగిరి ప్లాస్టిక్ డబ్బా మూత పగిలింది. ఇంటికొచ్చి, అమ్మ స్టీలు డబ్బా ఒకటి మరిగే నీళ్లతో కడిగి అందులోకి మార్చినా. మా అమ్మ పెళ్లినాటి డబ్బాలు ఎట్టా ఉంటాయో మీరు చూసినారుగా? అన్నీ ఒకటే సైజు, ఒకటే మూత, మూత మీద చెక్కించిన పేరు కూడా ఒకటే, రమణమ్మ. లేబుల్ అంటించొచ్చు. అంటించలేదు. మన ఇల్లు, మన ఫ్రిజ్, మనకి గుర్తుండదా అనుకున్నా.

"అమ్మా, కింద అరలోది నాది, ముట్టుకోబాక" అని చెప్పి పడుకున్నా. ఆమె ముట్టుకునే ఉద్దేశంతో ముట్టుకోలేదు పాపం. ఇడ్లీ పిండి గిన్నెకి చోటు చాలక డబ్బాలు అటూ ఇటూ సర్దింది. పొద్దున నేను హడావుడిగా కింద అరలోంచి రమణమ్మని తీసి ఐస్ పెట్టెలో పెట్టుకుని బయల్దేరినా.

ల్యాబ్‌లో సర్జన్‌గారు వచ్చి కూర్చున్నారు. మా సార్ సూటేసుకున్నాడు, ఆ ఎండలో! నేను గ్లౌజులు తొడుక్కుని, క్రిములు పడకుండా గాలి వడకట్టే గాజు అర, హుడ్ అంటాం, దాని కింద డబ్బా పెట్టి, కెమెరా ఆన్ చేసినా. గోడ మీద పెద్ద స్క్రీన్. మూత తీసినా.

ఏంది ఇది? తెల్ల పట్టీలు ఏవి? సెలైన్ ఏది? అంచులెంబడి తెల్లటి తెట్టు, డబ్బా నిండా లేత గోధుమరంగు జెల్లీ, కదిపితే అటూ ఇటూ ఊగుతోంది! నేను మూత తిప్పి పేరు చూసినా, రమణమ్మే. సర్జన్‌గారు మాత్రం కుర్చీలోంచి లేచి స్క్రీన్ దగ్గరికి వచ్చేసినారు.

"జెల్ రూపంలో చేసినారా? వెరీ గుడ్! ఇంత బాగా ఎట్టా సెట్ అయిందమ్మా? అదేంది, ఆ ఆకుపచ్చది?"

కరివేపాకు! స్క్రీన్ మీద అరచేతంత కరివేపాకు! దాని పక్కన మిరియం గింజ, బంతిలాగా! అప్పటికి హుడ్ దగ్గర నుంచి వాసన కూడా కొట్టింది. మా సార్ ముక్కు ఎగబీల్చి, నా వైపు తిరిగి, "ఇది... సూపా?" అన్నాడు.

సార్ తిడతాడన్న భయం నాకు రాలేదు, నిజం. ఆ క్షణంలో బుర్రలో ఒకటే మెరిసింది. సూప్ ఇక్కడుంటే, అక్కడ మామ తాగేది ఏంది?

హుడ్ ముందే గ్లౌజులు పీకేసి ఫోన్ కొట్టినా. "అమ్మా! మామకి సూప్ ఇచ్చినావా?"

"ఇప్పుడే గిన్నె చేతికిచ్చి వచ్చినా. ఎంత మంచిదానివే బుజ్జమ్మా! కొవ్వంతా తీసేసి, ముక్కలు మల్లెపూలల్లే కడిగి పెట్టినావు. మామ అంటే నీకెంత ప్రేమో అనుకున్నా. పోపేసి, మిరియాలు చల్లి..."

"అమ్మా, తాగనీయబాక! గిన్నె లాక్కో!"

"ఆఁ? ఏంది? ఒక్క నిమిషం, కుక్కర్ కూత..." అంతే. ఫోన్ పొయ్యి దగ్గర పెట్టేసిందేమో, కూతలు తప్ప ఏమీ వినపడదు!

మా సార్ ముఖం తెల్లబోయింది. "ఫైనల్ వాష్ అయిందా? సబ్బు ద్రావణం పూర్తిగా పోయిందా?" అయింది సార్, పోయింది సార్ అంటున్నానే గానీ నా గొంతు నాకే నమ్మకంగా లేదు. కడిగింది నేను. లేబుల్ అంటించని మనిషిని నేనే కదా! నా మీద నాకే నమ్మకం పోయింది. ఏడుపు వచ్చేసింది. సర్జన్‌గారు కారు తాళం తీసి, "పదమ్మా, చూద్దాం" అన్నారు. సార్ వెనక నుంచి, "మీరు వెళ్లండి, ఇక్కడ నేను చూసుకుంటా" అన్నాడు. నాకు ఆయన దేవుడల్లే కనిపించినాడు.

దారంతా ఇంటికి ఫోన్ కొడుతూనే ఉన్నా, ఎంగేజే. కళ్ల ముందు మా మామ ముఖమే. చిన్నప్పుడు నన్ను గుంట గట్టు మీద భుజాల మీద మోసిన మనిషి. కాల్లో తాడు తెగితే బతికినాడు, మేనకోడలి సైన్సుకి పోతాడా? కారు ఆగీ ఆగకముందే దూకి పరిగెత్తినా.

మామ వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన కాలు స్టూలు మీద, గిన్నె ఒళ్లో. దవడలు గానుగ తిరిగినట్టు తిరుగుతున్నాయి.

"మామా! ఉమ్మెయ్! ఉమ్మెయ్ అంటుంటే!"

ఆయన బిత్తరపోయి ఉమ్మేసినాడు. "ఏందబ్బా ఈ మేక! ఎంత నమిలినా చావదే! ఏ కొట్లో తెచ్చినావే ఇది?"

గిన్నెలో నీళ్లు మాత్రం లేవు, శుభ్రంగా తాగేసినాడు. "సూప్ మాత్రం శానా బాగుంది. ఇన్నాళ్లకి మీ అమ్మకి ఉప్పు కుదిరింది" అన్నాడు పైగా.

అమ్మ గుమ్మంలో నిలబడి, "నేను ఈరోజు ఉప్పే వెయ్యలేదే!" అంది. సెలైన్ అంటే ఉప్పు నీళ్లే మరి!

సర్జన్‌గారు నాడి చూసినారు, కడుపు నొక్కినారు, నాలుక చాపమన్నారు. బాగా కడిగిన శాంపిలే అయితే భయపడక్కర్లేదు, నీళ్లు ఎక్కువ తాగమనండి, కడుపులో ఏ మాత్రం తేడా చేసినా నాకు ఫోన్ చెయ్యండి అన్నారు. అప్పుడుగానీ నాకు ఊపిరి రాలేదు. తర్వాత ఆయన చేసిన పని చూడండి! చేతికి గ్లౌజు తొడుక్కుని, మామ ఉమ్మేసిన పట్టీని ఎత్తి, రెండు వైపులా పట్టుకుని లాగినారు.

"వెచ్చజేసినా, పోపేసినా, ఇంతసేపు నమిలినా తెగలేదే! ఎంతసేపు నమిలినారు పెంచలయ్యగారూ?"

"మీ కారు వచ్చిందాకా సార్."

"పళ్లు గట్టివేనా?"

"చెరుకు గడ చీలుస్తా సార్!" అన్నాడు మామ రోషంగా.

సర్జన్‌గారు పడీపడీ నవ్వినారు. మళ్లీ కొత్త బ్యాచ్ చేసి చూపించమ్మా, నేను తప్పకుండా వస్తా, ఈసారి మెషిన్‌తో పరీక్షిద్దాం అని చెప్పి వెళ్లిపోయినారు. మామ ఆ రోజంతా నీళ్లు తాగినాడు, మర్నాడు పొద్దున ఎనిమిది ఇడ్లీలు తిన్నాడు. నేనే రాత్రంతా ఆయన మంచం చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగినా.

మర్నాడు ల్యాబ్‌కి భయం భయంగా పోయినా. ఉద్యోగం ఉందో ఊడిందో తెలియదు. కనీసం అమ్మ డబ్బా అయినా తెచ్చుకుందామని చూస్తే, తళతళా తోమి బోర్లించి ఉంది. లోపల చుక్క లేదు.

"సార్, అందులో సూప్..."

సార్ తల ఎత్తలేదు. "హుడ్ కింద తెరిచావు, స్టెరైల్ గ్లౌజులేసుకున్నావు. మా ఇంట్లో కూడా అంత శుభ్రంగా వండరమ్మా. పారబొయ్యడానికి మనసొప్పలేదు."

ఈ ల్యాబ్‌లో చేరినప్పట్నించీ ఆ మనిషి నా శాంపిల్ ఒక్కటి బాగుందన్న పాపాన పోలేదు. అప్పుడు కళ్లజోడు తీసి, మొదటిసారి నా వైపు ఆప్యాయంగా చూసినాడు.

"రిజల్ట్ అద్భుతం. ఉప్పు ఒక్కటే తక్కువైంది. మళ్లీ రిపీట్ చెయ్యగలవా?"