కోటో తీగల కింది కొయ్యముక్కలు

మీ ఇంట్లో పెద్దవాళ్లు "అది నేను చెయ్యలేదు" అంటే, ఆ మాటను పరీక్షించి చూస్తారా, వాళ్ల వయసు చూసి కొట్టిపారేస్తారా?

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. చెప్పేవారిదే రుజువు బాధ్యత అని కాలేజీ డిబేట్‌లో నేర్చుకున్నదాన్ని. ఆ నియమానికి లోబడే ఇది రాస్తున్నాను.

2009 వేసవిలో అమెరికాలోని ఫ్రీమాంట్‌లో సుగుణ అత్తయ్య ఇంట్లో ఉండేదాన్ని. పక్క వీధిలో ఒక జపాన్ ఆవిడ చనిపోతే, ఆమె కూతురు సామాను అమ్మేసింది. అత్తయ్య అక్కడినుంచి పొడవాటి తీగవాద్యం ఒకటి తెచ్చింది. దాన్ని కోటో అంటారని మాకు అప్పుడే తెలిసింది. ప్రతి తీగ కిందా ఒక చిన్న కొయ్యముక్క. దాన్ని జరిపితే స్వరం మారుతుంది. తెలుగు చర్చిలో పాటలు నేర్పే అత్తయ్య, తన హార్మోనియం శ్రుతికి కుదిరేలా వాటన్నిటినీ జరిపింది.

మర్నాటికి అవి వేరే చోట్ల ఉన్నాయి. మళ్లీ సరిచేసింది. మళ్లీ అంతే.

మామయ్య భయపడ్డాడు. "సుగుణా, నువ్వే జరిపి మర్చిపోతున్నావు. డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేశాను. అప్పటిదాకా డ్రైవ్ చెయ్యకు, కార్ తాళాలు ఇటివ్వు."

"బీపీ మాత్ర వేసుకున్నానా అని రోజూ నన్నడిగే మనిషి, నాకు మతిమరుపంటున్నారు!" అంది అత్తయ్య. తాళాలు మాత్రం ఇచ్చేసింది. తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "నిజంగా నేనేనేమోనే?"

ఆ ప్రశ్నకు జవాబు కావలసి వచ్చింది.

ఆదివారం వాళ్లు చర్చికి బయల్దేరేముందు అత్తయ్య చేతే శ్రుతి చేయించి, ఫొటో తీశాను. కిటికీ మూసి, కోటో ఉన్న గదికి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని ఎదురుగా హాల్లో కూర్చున్నాను. కార్పెట్ మీద ఎండ పరుచుకుని ఉంది.

లోపల ఒక తీగ మోగింది. కాసేపాగి మరొకటి. ఎవరో తొందరేమీ లేకుండా శ్రుతి చూసుకుంటున్నట్టు.

నేను లేవలేకపోయాను.

వాళ్లొచ్చాకే తలుపు తీశాం. గదిలో ఎవరూ లేరు. కొయ్యముక్క ఒక్కటి కూడా ఫొటోలో ఉన్న చోట లేదు. మామయ్య జేబులోంచి కార్ తాళాలు తీసి అత్తయ్య చేతిలో పెట్టాడు.

చనిపోయిన జపాన్ ఆవిడ కూతుర్ని పిలిపించాం. ఆమె తీగలు వరసగా మీటి, కళ్లు తుడుచుకుంది. వాళ్లమ్మ ఎప్పుడూ ఆ శ్రుతిలోనే ఉంచేదట. అత్తయ్య కోటోను ఆమెకే ఇచ్చేసింది.

వేడికి కొయ్య సాగిందని, తీగలు సడలాయని నాతో నేనే వాదించి చూశాను. అలా ఒకటి కదలవచ్చు. అన్నీ కలిసి పాత శ్రుతికి ఎలా చేరాయో నేటికీ చెప్పలేను.

మీకు తెలిస్తే నా మాటను ఖండించండి. తెలియకపోతే, మీ ఇంట్లో ఎవరి చేతిలోంచైనా తాళాలు లాక్కునే ముందు, ఒక్కసారి ఆ గది బయట కూర్చుని వినండి.