పోలమ్మ కొడుకు

నా మొదటి ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయారు. మూడోవాణ్ణి పుట్టినరోజునే మామగారు చేపలమ్మే పోలమ్మకు చేటెడు నూకలకు అమ్మి, నూకరాజని పేరు పెట్టారు. ఐదేళ్లు నిండేదాకా వాడు ఆమె కొడుకే. ఈలోగా నేను నా కొడుకని పైకి అంటే దక్కడట. బి.ఏ. చదివి కూడా నేనెన్నడూ అనలేదు.

నా భర్త పోయాక, మామగారు దివిసీమలోని రెండెకరాలూ వాడికే రాసి కన్నుమూశారు. వీలునామాలోనూ "పోలమ్మ కొడుకు నూకరాజు" అనే రాయించారు. పోలమ్మకు అలాంటి కొడుకే లేడు, వీలునామా చెల్లదంటూ నా భర్త అన్నగారు బందరు కోర్టుకెక్కారు. సగం పొలం ఆయనకు పోతే మాకు తిండిగింజలు చాలవు.

"చెప్పమ్మా, నూకరాజు ఎవరి కొడుకు?" బోనులో ఉన్న నన్ను మా ప్లీడరుగారు అడిగారు. వాడు పోలమ్మ చంకలోంచి నన్నే చూస్తున్నాడు.

"అనమాకమ్మా, నీకు దణ్ణం పెడతా!" అని పోలమ్మ అరిచింది.

"నా కొడుకేనండీ" అన్నాను.

తల్లి పేరు తప్పుగా రాసినా తాతగారు ఉద్దేశించింది ఈ బిడ్డనేనని, వీలునామా చెల్లుతుందని జడ్జిగారు తీర్పిచ్చారు. పొలం నిలిచింది.

వాడికింకా ఐదేళ్లు నిండలేదు. కాస్త దగ్గినా నా గుండె ఆగిపోతుంది. పోలమ్మ మాత్రం రోజూ గంప దించి, వీధంతా వినబడేలా "నా కొడుకేడమ్మా?" అంటుంది.

"లోపలున్నాడు నీ కొడుకు" అని నేనూ అంతే గట్టిగా అంటాను.