మెట్ల కింద చిట్టా

గ్రంథాలయం వెబ్‌సైట్ చూసుకునే మనిషిని, ప్రతిదీ రాసిపెట్టుకుంటాడని, అందరూ చిట్టా అంటారు. ఎదురుగా అనరు. పదేళ్లుగా అతనిది మెట్ల కింది గది. లేచి నిలబడితే తల తగులుతుంది గనక ఎక్కువగా కూర్చునే ఉంటాడు.

ఆరు నెలలుగా వెబ్‌సైట్ నత్తనడక నడుస్తోంది. మొదటి పేజీ తెరుచుకునేలోపు పాఠకులు లేచి వెళ్లి పుస్తకాన్ని అలమరలో వెతికి తెచ్చుకుంటున్నారు. సోమవారానికి బాగుపడకపోతే వేరే మనిషిని చూసుకుంటామని డైరెక్టర్ కబురు పెట్టాడు.

మంగళవారం అతను చిట్టా తెరిచాడు. పేజీ తెరిచిన ప్రతిసారీ వెబ్‌సైట్ డేటాబేస్‌ను ఏమేం అడుగుతోందో ఒక్కటీ వదలకుండా రాసిపెట్టే ఫైలు అది; తెరిస్తేనే రాయడం మొదలుపెడుతుంది.

ఇంట్లో ఆ సంగతి చెప్పాడు.

"నేనేదడిగినా ఊ అని ఊరుకుంటారు. అక్కడ మాత్రం అడిగినవన్నీ రాసిపెట్టుకుంటున్నారా?" అంది భార్య.

"ఊ," అన్నాడు.

ఒక్క పేజీకి మూడు వందల పన్నెండు ప్రశ్నలు. వాటిలో మూడు వందలు ఒకటే ప్రశ్న: సైట్‌లో పెట్టిన డైరెక్టర్ గారి సందేశాన్ని ఇప్పటిదాకా ఎంతమంది చదివారు? ఆ పేజీలోని కొత్త పుస్తకాల జాబితాలో మూడు వందల పేర్లున్నాయి. ప్రతి పేరు కిందా ఆ సంఖ్య కనబడాలని ఆరు నెలల కిందట పట్టుబట్టింది డైరెక్టరే.

గురువారం కమిటీ కూర్చుంది. అతను ఆ ఫైలును అచ్చు తీసిన కాగితాలు బల్ల మీద పరిచాడు. పుస్తకాల జాబితా రాసే ఆవిడ రెండు పేజీలు తిప్పి, "అంతా సార్ గురించే ఉందే," అంది.

ఎవరూ నవ్వలేదు. డైరెక్టర్ కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఇదంతా రాస్తూ కూర్చుంటే సైట్ నెమ్మదించదూ?"

"కొంచెం నెమ్మదిస్తుంది సార్."

"అదీ సంగతి. ఎవరు తెరిచారు దీన్ని?"

"నేనే సార్. మొన్న మంగళవారం. సైట్ నెమ్మదించి ఆరు—"

"మంగళవారం. రాసుకోండమ్మా."

ఆవిడ రాసుకుంది. కారణం దొరికింది, చిట్టా వెంటనే మూసివేయాలి, అని తీర్మానం.

అతను కిందికి వెళ్లి మూసేశాడు. తర్వాత నాలుగు వరుసల కోడ్ రాశాడు. ఇకనుంచి సైట్ ఆ ప్రశ్న ఒక్కసారే అడుగుతుంది, వచ్చిన సంఖ్యనే మూడు వందల చోట్లా చూపిస్తుంది. డైరెక్టర్ ముచ్చటకు లోటు లేదు. సోమవారం పేజీ రెప్పపాటులో తెరుచుకుంది. తమ తీర్మానం ఎంత సరైనదో కమిటీకి కళ్లారా కనబడింది. ఆ సాయంత్రమే అతని చేతికి ఉత్తర్వు ఇచ్చారు.

"ఉద్యోగం ఉన్నట్టేనా?" అంది భార్య.

"ఇంకో రెండేళ్లు."

"ఏం చేయాలట?"

"చిట్టా ఎవరూ తెరవకుండా కాపలా కాయాలి."

"దాన్ని తెరవడం ఎవరికి వచ్చు?"



"నాకు," అన్నాడు.