అక్షరాలు కరిగించి పోసిన గుండ్లు

నిన్న కాటేదాన్‌లో పాత బ్యాటరీల సీసం కరిగిస్తున్న వాసనకు ఆగిపోయాను. ప్రెస్సుల్లో ఒక్కో సీసపు అక్షరం ఏరి కూర్చిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి.

శంషాబాద్‌లో మా బాపు నడిపిన ప్రెస్సు మూతపడ్డాక, అక్షరాలన్నీ గోనెసంచిలో ఇంటికొచ్చాయి. మంఖాల్‌లో వ్యవసాయం చేసే చిన్నాయన వచ్చి అడిగాడు.

"అన్నా, అడవిపందులు మక్కచేనంత ఖరాబ్ చేస్తున్నయి. తుపాకికి గుండ్లు పోసుకుంట, గివి నాకియ్యి."

"తీస్కపో" అన్నాడు బాపు.

పెరట్లో పొయ్యి మీద, ఇనుప గరిటెలో అక్షరాలు వెండిలా మెరుస్తూ కరిగాయి. బాపు అటు చూడలేదు. ఆ వారమంతా సరిగా తినలేదు.

చిన్నాయన మళ్లీ వచ్చినప్పుడు బాపు అడిగాడు, "గుండు పందికి తాకిందా?"

"యాడ తాకిందన్నా! చప్పుడుకే ఉరికినయి."

బాపు నవ్వాడు. "ఆకలైతుంది, ఇద్దరికీ అన్నం పెట్టు" అన్నాడు అమ్మతో.