చెవులత్త కొట్లో ఇరవయ్యొకటి

మా మేనత్త ముప్పై ఏళ్ళు ప్రసవాల వార్డులో నర్సుగా చేసింది. మోకాళ్ళు మొరాయించాక ఉద్యోగం మానేసి, అదే ఆసుపత్రి గేటుకి ఎదురుగా మంచమంత కొట్టు పెట్టుకుంది. పాలు, రొట్టె, సబ్బులు, పసిపిల్లల టోపీలు, వెనక అరలో సిగరెట్లు. టోపీల పక్కన సిగరెట్లేమిటని ఎవరైనా అడిగితే, "టోపీలు తల్లులకి, అవి తండ్రులకి. లోపల కాన్పవుతుంటే బయట వాళ్ళు పడే నొప్పులు నీకేం తెలుసు?" అనేది.

అందరూ ఆవిడని చెవులత్త అంటారు. పెరిగేకొద్దీ ముక్కు మారుతుంది, మొహం మారుతుంది, బుద్ధి సంగతి సరేసరి, చెవి మాత్రం పుట్టినప్పటి అచ్చులోనే ఉంటుందని ఆవిడ సిద్ధాంతం. సిగరెట్లు కొనే వయసు పద్దెనిమిది నుంచి ఇరవయ్యొకటికి పెంచుతూ చట్టం వచ్చాక ఆ సిద్ధాంతానికి గిరాకీ పెరిగింది. మిగతా కొట్లవాళ్ళు వయసు చూపే కార్డు అడిగి తిట్లు తింటుంటే, మా అత్త కళ్ళజోడు పైకి నెట్టి, "ఏదీ, అటు తిరుగు" అనేది.

"రెండు కేజీల ఏడొందలు. పుట్టగానే ఊపిరి తీసుకోకుండా నన్ను హడలగొట్టావు. నీకు ఇరవై కూడా నిండలేదు. ఊపిరి పీల్చడం నేర్పిందీ నేనే, పొగ అమ్మేదీ నేనేనా? పో!"

మీసం మెలేసే మగాడు కూడా నలుగురిలో తను పుట్టినప్పటి బరువు విన్నాక ఇంక వాదించలేడు. వేరే చోట పుట్టినవాళ్ళకి మాత్రం కార్డు తప్పదు. కంటికి ముప్పై దాటినవాళ్ళని వదిలేసేది.

నాకా చట్టం గొంతులో ముల్లు. రెండేళ్ళు దర్జాగా కాల్చినవాణ్ణి పట్టుకుని నువ్వింకా పిల్లాడివి అంటే ఎలా ఉంటుంది? కాలేజీ మధ్యలో వదిలేసి, పగలంతా అత్త కొట్టు ముందు బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మీద వ్యాఖ్యానాలు చేసేవాణ్ణి.

అంతలో పక్క వీధి కొట్టాయన దొరికిపోయాడు. తనిఖీ ఆఫీసువాళ్ళు పెద్దవాడిలా కనబడే కుర్రాణ్ణి కొనడానికి పంపారట. ఆయన అమ్మాడు. సాయంత్రానికి లైసెన్సు రద్దు, షట్టరుకి సీలు. కొట్టు పోతే మా అత్తకి మిగిలేది మోకాళ్ళ నొప్పీ, బదులు పలకని గోడలూ. పైకి మాత్రం, "నాదాకా రానీ చూద్దాం" అంది.

బుధవారం మధ్యాహ్నం వచ్చాడు. గుండెల దాకా గడ్డం, చొక్కా గుండీలని పరీక్షించే పొట్ట, చెవులు కప్పేసిన ఉన్ని టోపీ. ఒక పెట్టె అడిగాడు.

"కార్డుందా బాబూ?" అంది అత్త, ఎందుకైనా మంచిదని.

"ఇంట్లో మర్చిపోయానమ్మా."

నాకు నవ్వొచ్చింది. "అత్తా, ఆయనకి పెళ్ళీడు కూతురుంటుంది. ఇచ్చి పంపు."

ఆవిడా నవ్వి పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. దాని మీంచి చెయ్యి ఇంకా తీయలేదు. అతనికి ఉక్కపోసిందో, కంగారో, టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. ఎడమ చెవి ముందు బఠాణీ గింజంత కండ.

పెట్టె వెనక్కి వెళ్ళిపోయింది.

"మీ అమ్మ బాగుందా?" అంది అత్త.

"ఆఁ?"

"ఆవిణ్ణి కుర్చీతో సహా మూడో అంతస్తుకి మోశాం. కొత్త భవనం తెరిచిన వారానికే లిఫ్టు ఆగిపోయింది. నువ్వు మెట్ల మలుపులోనే వచ్చేసేలా ఉన్నావు. ఈ కండ చూసి, దిష్టిచుక్క ఇంటి నుంచే పెట్టుకొచ్చాడని నవ్వుకున్నాం." వేలు రోడ్డుకి అవతలికి చూపించింది. "ఆ గేటు మీద రాయి చదువు. ఆ భవనం తెరిచే ఇంకా ఇరవయ్యేళ్ళు కాలేదు. అందులో పుట్టినవాడివి, నీకు ఇరవయ్యొకటి ఎక్కడినుంచి వస్తుంది నాయనా?"

అతను గడ్డంలోంచి ఎర్రబడ్డాడు. మొదట అతనే పగలబడి నవ్వాడు. తర్వాత రోడ్డు పక్క కారులోంచి తనిఖీ అధికారిణి దిగింది. సంగతి విని ఆవిడ కూడా నవ్వాపుకోలేక, కాగితం మీద "అమ్మలేదు" అని రాసి ముద్ర వేసింది. అత్త దాన్ని టోపీల పైన గోడకి అంటించింది. వెళ్తూ వెళ్తూ ఆ గడ్డం కుర్రాడు, "మా అమ్మని తీసుకొస్తానండీ, మిమ్మల్ని చూస్తే సంతోషిస్తుంది" అన్నాడు.

"తీసుకురా. ఆ లిఫ్టుని ఇద్దరం కలిసి బాగా తిట్టుకోవడం ఇంకా బాకీ ఉంది."

వాళ్ళు వెళ్ళాక నేను గొంతు సవరించుకున్నాను. "అత్తా, వచ్చే శుక్రవారానికి నాకు ఇరవయ్యొకటి."

"అయితే కార్డు తీసుకురా."

"నాకు కార్డేంటి? సొంత మేనల్లుణ్ణి! నేనూ ఎదురుగా, ఆ పాత భవనంలో పుట్టినవాణ్ణే కదా!"

"పుట్టావు. ఆ రోజు నాకు సెలవు. నిన్ను తీసింది వేరే నర్సు. నీ తేదీ మీ నాన్న చెబితే తెలిసింది. మీ నాన్న మాట మీద లైసెన్సు పెట్టమంటావా?"

"నా మాట మీద?"

"నీ మాట వినుంటే ఈపాటికి షట్టరు దించుతుండేదాన్ని. పెళ్ళీడు కూతురట!"

చేరేటప్పుడు ఇచ్చిన నా కార్డు కాలేజీ ఆఫీసులోనే ఉండిపోయింది. ఆ సంగతి అత్తకి తెలుసు. కాలేజీకి బస్సు పొద్దున ఏడున్నరకని కూడా తెలుసు. అడక్కుండానే చెప్పింది.