బాపు ముక్కు, నా స్లీపింగ్ బ్యాగు

ఆ రోజుల్లో సూరత్‌లో మనిషికి ముక్కు ఉన్న సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు. ఊరు ఊరంతా మూతులు కట్టుకుని తిరిగేది. కళ్ళు చూసి మనిషిని పోల్చుకోవడం, పోల్చుకున్నా దగ్గరికి పోకుండా దూరం నుంచే చెయ్యి ఊపడం, అదీ అప్పటి మర్యాద. అలాంటి కాలంలో నా కష్టాలన్నీ ఒక ముక్కు వల్ల వచ్చాయంటే ఎవరు నమ్ముతారు? పోనీ ఆ ముక్కు నాదైనా ఒక అందం. మా బాపుది, అంటే మా నాన్నది.

మా బాపు తెలుగు పల్లె వదిలి బతకడానికొచ్చి, సూరత్ పక్కనున్న సచిన్‌లో మరమగ్గాల షెడ్డులో పాతికేళ్ళు మగ్గాలు నడిపి, మోకాళ్ళు మొరాయించే వేళకు అదే సేఠ్ దగ్గర నూలు గోడౌన్‌లోకి మారాడు. మార్చింది ఆయన ముక్కే. వచ్చిన నూలులోంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్లతో అంటించి, పొగ వాసన చూసి, మిగిలినదాన్ని వేళ్ళ మధ్య నలిపి అది ఏ దారమో చెప్పేవాడు. కాగితం కాలిన వాసనొస్తే పత్తి, వెంట్రుక కాలిన వాసనొస్తే పట్టు, తియ్యటి మందు వాసనొచ్చి చివర గట్టి గోళీ కడితే పాలిస్టర్. మగ్గాల వాళ్ళలో చాలామందికి తెలిసిన విద్యే కానీ, రెండు రకాలు కలిపిన దారాన్ని పట్టుకోవడంలో బాపును మించినవాడు లేడు. సేఠ్ ఆయనకు 'సూంఘ్ మాస్టర్' అని పేరు పెట్టాడు, అంటే వాసన చూసే మేస్త్రి అని. ఆ పేరు విన్నప్పుడల్లా బాపు ఛాతీ రెండంగుళాలు పెరిగేది. (మా ఇంట్లో అంచు కాలని బట్ట లేదు. నా బడి చొక్కాల నుంచి అమ్మ పెళ్ళి చీర దాకా అన్నీ ఆ పరీక్ష పాసైనవే.)

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మార్కెట్‌లో ఒక చీరల దుకాణంలో పని. కరోనా వల్ల గిరాకీ దుకాణానికి రావడం మానేసింది కాబట్టి, చీరలను గోడకు వేలాడదీసి ఫోటోలు తీసి బయటూళ్ళ వ్యాపారుల ఫోన్లకు పంపించేవాణ్ణి. డిండోలిలో మాది ఒక గది, ఒక వంటిల్లు. బాపు, అమ్మ, చెల్లె, నేను, మాతో పాటు అమ్మ లేసు కుట్టడానికి తెచ్చుకున్న రెండొందల చీరలు. చీరలకు మురికి అంటకూడదు కాబట్టి మంచి జాగా వాటిది. మిగిలిన జాగాలో మేం నలుగురం పక్కవాటుగా పడుకునేవాళ్ళం. ఒకరు ఇటు తిరిగితే వరసంతా ఇటు తిరగాలి. పైగా బాపు కాలు నా మీద. లాక్‌డౌన్ మొదలైన దగ్గర్నుంచి నేను వెల్లకిలా పడుకుని ఎరగను. ఒక్క రాత్రి, ఒకే ఒక్క రాత్రి, రెండు చేతులూ చాపి వెల్లకిలా పడుకోవాలన్నది నా జీవితాశయంగా మారిపోయింది.

కాబట్టి కరోనా రెండో వేవ్ తగ్గాక, డిసెంబరులో మా మార్కెట్ కుర్రాళ్ళు డాంగ్ కొండల్లోకి రెండు రోజులు నడకకు పోదామన్నప్పుడు అందరికన్నా ముందు చెయ్యెత్తింది నేనే. మా నాయకుణ్ణి 'కెప్టెన్' అనేవాళ్ళం (నడిచిన కొండలు రెండే, చెప్పే కబుర్లు రెండొందలు). ఇదివరకు అక్కడ పరుపులూ దుప్పట్లూ ఇచ్చేవాళ్ళట, కరోనా అని మానేశారట. కెప్టెన్ హుకుం జారీ చేశాడు. "అప్నా బిస్తర్ అప్నా. స్లీపింగ్ బ్యాగ్ నహీ, తో ఆనా నహీ." ఎవరి పక్క వాళ్ళదే, బ్యాగు లేకపోతే రానే వద్దు అని. బస్సుకూ తిండికీ పోగా నా దగ్గర వెయ్యి రూపాయలు మిగిలాయి. మూడు రోజులు ఫోన్లో వెతికి, ఎనిమిది వందల తొంభైలో ఒకటి పట్టుకున్నాను. నొక్కితే ఇంటికి వచ్చేది. నొక్కబోతుండగా బాపు చూశాడు.

"ఏందిరా అది?"

"పండుకునే సంచి, బాపూ."

"గుడ్డల ఊర్ల ఉంటూ గుడ్డసంచి ఫోన్ల కొంటవా? ముట్టుకోకుంట, దారం సూడకుంట? నలుగురు వింటే నా ముఖాన ఉమ్మేస్తరు. పా, నేనొస్త."

ఆ రోజు నేను నొక్కేసి ఉంటే ఈ కథే లేదు. కానీ బాపు 'నేనొస్త' అన్నాక కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

మొదట ఆటలకూ కొండనడకలకూ సామాన్లు అమ్మే పెద్ద దుకాణానికి పోయాం. గుమ్మంలో ఒకతను మా చేతుల్లో శానిటైజర్ కుమ్మరించాడు. లోపల సేల్స్‌మన్ ఒక బ్యాగు పరిచి, ఇది సున్నా డిగ్రీలకు, ఇది మైనస్ ఐదుకు అని వివరిస్తున్నాడు. నేను బుద్ధిగా వింటున్నాను. బాపు వినడం లేదు. బ్యాగును లోపలికి బయటికి తిప్పేసి, కుట్టు దగ్గర వేలాడుతున్న పోగొకటి దొరకబుచ్చుకుని, జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. "బాపూ, వద్దు" అనేలోపే గీశాడు. ఇంకా ఆరని శానిటైజర్ భగ్గుమంది. ఒక్క క్షణం ఆయన రెండు వేళ్ళ మీద నీలి మంట నిలబడింది. ఆయన చెయ్యి విదిలించి "ఏం కాలే, ఏం కాలే" అంటున్నాడు. సేల్స్‌మన్ బ్యాగును పసిపిల్లలా గుండెకు హత్తుకుని "చాచా, ఆగ్ లగానే ఆయే హో క్యా?" అని, నిప్పు పెట్టడానికొచ్చావా అని అరిచాడు. "ధాగా దేఖ్ రహా హూఁ" అన్నాడు బాపు, దారం చూస్తున్నానని, అదేదో అందరూ చేసే పనే అన్నట్టు. కాపలావాడు మమ్మల్ని రోడ్డు దాకా సాగనంపాడు. బయటికొచ్చాక బాపుకు సిగ్గు లేదు సరికదా, "గోళీ కట్టింది సూసినవా? ఉత్త పాలిస్టర్‌కు నాలుగు వేలంట!" అని నాకే పాఠం చెప్పాడు. ముక్కు దగ్గరికి తీసుకోకుండానే తేల్చేశాడేమిటా అనిపించింది కానీ, మాస్కు ఉంది కదా అని సరిపెట్టుకున్నాను.

అక్కడి నుంచి ఆదివారం పాత సామాన్ల బజారు. ఫ్యాన్లు, బూట్లు, పగిలిన సైకిళ్ళ మధ్య ఒకతను టార్పాలిన్ మీద ముదురాకుపచ్చ బ్యాగొకటి పెట్టుకుని కూర్చున్నాడు. "ఫౌజీ మాల్ హై, చాచా" అన్నాడు. సైనికులు వాడినది అని. బాపు మళ్ళీ పోగు లాగాడు, మళ్ళీ గీశాడు. ఈసారి నేను చూస్తున్నానని కాబోలు, మాస్కు కిందికి లాగి, కళ్ళు మూసుకుని, పొగనూ ఆ తర్వాత బ్యాగునూ దీర్ఘంగా ఆఘ్రాణించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఆయన్నే చూస్తున్నారు.

"ఏ వాసనా లేదు. కొత్తదాని లెక్కనే ఉన్నది. తీస్కో."

అమ్మేవాడు నోరు తెరిచాడు. బేరం ఆడకముందే ఎనిమిది వందల నుంచి ఆరు వందలకు దిగాడు. "లేజావ్ చాచా, జల్దీ లేజావ్" అని, తొందరగా పట్టుకుపొమ్మని తనే మడిచి, తనే తాడు కట్టి, నా భుజానికి తగిలించాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. నాకేం తెలుస్తుంది? నా మాస్కు లోపల అమ్మ కర్పూరం, వాము, లవంగాలు చిన్న మూటగా కట్టి పెట్టింది, కరోనా రాకుండా. ప్రపంచమంతా నాకు కర్పూరం వాసనే.

తిరుగుదారిలో షేర్ ఆటో ఎక్కాం. నాకు పొడిదగ్గు వచ్చి ఒక్కసారి దగ్గాను. పక్కాయన అవతలికి జరిగాడు. ఎదుటాయన తన గల్లీ రాకముందే దిగిపోయాడు. డ్రైవరు తల బయటపెట్టి నడపడం మొదలుపెట్టాడు. ఒక్క దగ్గుకు ఇంత భయమా, మనుషుల్లో మానవత్వం చచ్చిపోయింది అని నేను బాధపడుతున్నాను. బాపు మాత్రం "జాగ మంచిగ దొరికింది" అని కాళ్ళు చాపుకున్నాడు.

ఇంట్లో అమ్మ మిషను ముందు కూర్చుని లేసు కుడుతోంది. నేను తాడు విప్పి బ్యాగు పరిచాను. అమ్మ మిషను ఆగింది. "ఏం సచ్చిందిరా ఇంట్ల?" అంది. చెల్లె ముక్కు మూసుకుని గల్లీలోకి పరుగెత్తింది. నేను మాస్కు తీశాను. ఏమని చెప్పను! వానలో తడిసిన మేకను డీజిలు పీపాలో పెట్టి నెల రోజులు మూత వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బాపూ, వాసన చూసినవ్ గదా! ముక్కు పెట్టి మరీ చూసినవ్ గదా!"

"ఏం వాసనరా? మీకు అన్నీ నకరాలే" అని ఆయన బ్యాగులోకి తల దూర్చి, నిండా ఊపిరి పీల్చి, పైకి లేచి మా వైపు మామూలుగా చూశాడు. ఆ మామూలు చూపు చూసి అమ్మకు అనుమానం వచ్చింది. వంటింట్లోకి పోయి ఎల్లిపాయ రెబ్బలు దంచి తెచ్చి, "కండ్లు మూస్కో" అని ఆయన ముక్కు కింద పెట్టింది.

"చెప్పు, ఏంది ఇది?"

బాపు చాలాసేపు ఆలోచించాడు. "కొత్తిమీర" అన్నాడు.

ఎవరం నవ్వలేదు. "ఎన్నొద్దుల సంది?" అని అమ్మ మెల్లగా అడిగింది.

"జరమొచ్చినప్పటి సంది." అంటే ఏప్రిల్‌లో అందరం మంచం పట్టినప్పటి నుంచి. మా ముగ్గురి ముక్కులూ నెలకే తిరిగొచ్చాయి. తనకేం కాలేదని బాపు అప్పుడే దబాయించాడు. "గోళీ సూసి, బూడిద సూసి అంచనతోని నెట్టుకొస్తున్న. సేఠ్‌కు తెలిస్తే మల్ల మగ్గాల కాడ నిలవెడ్తడు. గీ మోకాళ్ళతోని ఏడ నిలవడ్త? జర ఎవ్వలతోని అనకుండ్రి."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. వెంటనే ఆమెకు ఇంకోటి గుర్తొచ్చింది. "అంటే ఇన్నొద్దులు పప్పు కమ్మటి వాసనొస్తుందన్నదంత ఉత్తదేనా?" అని మొదలుపెట్టింది. పాపం, పెళ్ళయిన పాతికేళ్ళలో ఆయన వంట మెచ్చుకున్నది ఆ ఎనిమిది నెలలే.

ఇక నా అవస్థ వినండి. ఇరుగుపొరుగు వచ్చి "ఏం కంపు?" అని అడిగితే ఏం చెప్పాలి? సూంఘ్ మాస్టర్ వాసన చూసి మరీ ఎంచిన సరుకని చెబితే సాయంత్రానికి కబురు సచిన్ చేరుతుంది. మా గల్లీలో సగం మంది ఆ షెడ్ల వాళ్ళే. కాబట్టి "నేనే కొన్న, నాకు తెల్వక" అనేవాణ్ణి. వాళ్ళు నన్ను తిట్టి, "మీ బాపునన్న అడగకపోతివి" అని బాపును పొగిడి పోయేవాళ్ళు. అదంతా బాపు గోడకానుకుని కూర్చుని వినేవాడు. నాకు పళ్ళు కొరుక్కోవడమే మిగిలింది. ఇంకోటి కొందామంటే డబ్బు లేదు. బట్టల సబ్బు, నిమ్మకాయలు, వేపాకు, ఉప్పు, అన్నీ వేసి మూడుసార్లు ఉతికాం. మేక పోలేదు, నిమ్మకాయ నీళ్ళతో స్నానం చేసొచ్చింది, అంతే.

అదే బ్యాగుతో కొండకు పోయాను. అందరూ తలా రెండు గజాల దూరంలో పక్కలు పరిచారు. నేను బ్యాగు విప్పగానే కెప్టెన్ రెండడుగులు వెనక్కి వేసి, "తేరే లియే దో గజ్ నహీ, దో సౌ గజ్ కీ దూరీ" అని, నా దూరం రెండొందల గజాలని తేల్చేశాడు. అలా గుట్ట అవతల మైదానమంతా నా ఒక్కడి సొంతమయ్యింది. రెండు చేతులూ చాపి వెల్లకిలా పడుకున్నాను. రెండేళ్ళుగా కలలుగన్న భోగం. నిద్ర మాత్రం పట్టలేదు. చుట్టూ మేక వాసన ఒకవైపు, కళ్ళు మూసుకుని 'కొత్తిమీర' అన్న బాపు ముఖం ఒకవైపు. ఆయన మీద అంత గట్టిగా అరిచినందుకు నాకు చాలా బాధ వేసింది.

తిరిగొచ్చాక బ్యాగును రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి సజ్జ మీదికి ఎక్కించాం. రోజూ వాసనలు చూస్తే ముక్కు దారికొస్తుందని ఎవరో చెప్పారని, అమ్మ పొద్దున్నే ఎల్లిపాయ, లవంగం, కొబ్బరినూనె వరసగా పట్టేది. బాపు వరస బట్టీ పట్టి అన్నీ సరిగ్గా చెప్పేవాడు. అమ్మ వరస మార్చింది. అన్నీ తప్పాయి.

హోలీ దాటాక ఒక మధ్యాహ్నం బాపు డ్యూటీ నుంచి వచ్చి, గడపలో చెప్పులు విడుస్తూ ఆగిపోయాడు. ముఖం అష్టవంకర్లు తిప్పాడు.

"ఏందిరా గీ కంపు? ఇంట్ల మేక గిట్ల సచ్చిందా?"

ఆ వాసనకు అలవాటు పడిపోయి మా ముగ్గురికీ అది తెలియడమే మానేసింది. అమ్మ గరిటెతో బయటికొచ్చి "ఏమన్నవ్? మల్లొక్కసారి అను" అంది. "కంపంటున్న! మీకు ముక్కులు లేవా?" అని ఆయన విసుక్కున్నాడు. అమ్మ అక్కడే, ముట్టుకోనివ్వని ఆ చీరల మీదే కూలబడి ఏడ్చింది. బాపు స్టూలెక్కి, బ్యాగు దించి, కవర్లు విప్పి, ముఖం దగ్గర పెట్టుకున్నాడు. వాంతి వచ్చినంత పనైంది. అయినా మళ్ళీ పెట్టుకున్నాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఎవడ్రా దీన్ని కొన్నది?"

"నేనే, బాపూ" అన్నాను. అప్పటికి అలవాటైపోయింది.

ఇప్పుడు నాకు వేరే గది ఉంది, మంచం ఉంది, రోజూ వెల్లకిలానే పడుకుంటున్నాను. కొండకు పోవడానికి మంచి బ్యాగు కూడా కొనుక్కున్నాను, నాలుగు వేల రకం. దానికి ఏ వాసనా లేదు. పాతది ఇంకా సజ్జ మీదే ఉంది, పారేస్తానంటే అమ్మ ఒప్పుకోదు. ఏడాదికోసారి చలి మొదలయ్యే వేళకు బాపు దాన్ని దించి, ఒకసారి వాసన చూసి, "ఉన్నది" అని మళ్ళీ పైకి ఎక్కిస్తాడు. స్టూలు పట్టుకునేది నేనే.